ఆరో బుట్టకి అడ్డదారి

పోయిన నెల పామర్రులో ఒక పెళ్ళి భోజనానికి వెళ్ళాను. పెళ్ళివారు నాకు దగ్గరవాళ్ళేమీ కాదు. అక్కడ భోజనం బాగుంటుందని చెప్పినవాడు దగ్గరవాడు. బంతిలో కూర్చున్నాక చూస్తే, ప్లేట్లు వేసే మనిషి బల్ల చివర నిలబడి ఒక్కొక్క పేపరు ప్లేటునూ మణికట్టుతో అలా తిప్పి వదులుతున్నాడు. అవి బల్ల మీద జారుకుంటూ వచ్చి, ఎవరి ముందు ఆగాల్సినవి వాళ్ళ ముందు ఆగుతున్నాయి. నా వంతు ప్లేటు మాత్రం చివరి జానెడు దూరం గాల్లో తేలి, చప్పుడు చెయ్యకుండా దిగింది. పక్కాయన "అబ్బ" అన్నాడు. నేను పప్పు వడ్డించేదాకా ఆ ప్లేటు వంకే చూస్తూ కూర్చున్నాను.

అలా దింపే మనిషి మా ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. మొన్న కార్తీకంలో పోయాడు.

మా ఊరు బంటుమిల్లి దాటాక, సముద్రం ఇంకా రాకముందు వస్తుంది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే కాబట్టి ఊరి ప్రాణమంతా మంచినీళ్ళ చెరువులో ఉంటుంది. కాలవలు కట్టెయ్యకముందే దాన్ని నింపుకుని, ఎండాకాలమంతా ఆ నీళ్ళే తాగుతాం. అందులో కాళ్ళు కడగరు, గేదెల్ని దింపరు. గట్టెక్కేటప్పుడు చెప్పులు విడిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ చెరువుకి పంచాయతీ పెట్టిన కావలి మనిషి ఆయన. ఊరంతా చెరువు బాబాయ్ అనేది, నేనూ అదే పిలుపు. నేను గుడివాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్తాను కాబట్టి ఆయన నన్ను మాస్టారూ అనేవాడు. నా విద్యార్థులు ఏమంటారో ఇక్కడ అనవసరం.

మేం కలవడానికి కారణం మా బావ. మా అక్క మొగుడు. బందరులో రోల్డ్‌గోల్డు నగల వర్క్‌షాపు నడుపుతాడు. ఊరికి అల్లుడు కాబట్టి ఊరందరికీ ఆయన అల్లుడు గారే. ఆలోచనలు కూడా ఆ హోదాలోనే చేస్తాడు, అంటే అమలు చెయ్యాల్సింది వేరేవాళ్ళన్నట్టు. ఒక సంక్షోభం లేని సంవత్సరంలో, ఫోనులో ఏదో చూసి, డిస్క్ గోల్ఫ్ అనే ఆట మా ఊళ్ళో లేకపోవడం పెద్ద లోటని కనిపెట్టాడు.

ఆట ఇంతే. గోల్ఫులో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేస్తారు కదా. ఇందులో బంతి బదులు పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కు, కర్ర బదులు మన చెయ్యి, గుంట బదులు ఒక గుంజకి తగిలించిన ఇనప బుట్ట. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్కు వాటికి కొట్టుకుని లోపల పడాలి. ఎక్కడ పడితే అక్కడికి నడిచివెళ్ళి మళ్ళీ అక్కణ్ణించి విసరాలి. తక్కువ విసుర్లతో వేసినవాడు గెలిచినట్టు. ఎక్కువ నడిచినవాడికి ఆరోగ్యం.

డిస్కులు పార్సిల్లో వచ్చాయి. బుట్టలు బావ సొంతంగా చేయించాడు. సైకిలు రిమ్ముకి గొలుసులు వేలాడదీస్తే చాలు కదా, గొలుసులకి మన దగ్గరేం తక్కువని, వర్క్‌షాపులో మెరుపు సరిగ్గా ఎక్కక పక్కన పడేసిన రోల్డ్‌గోల్డు గొలుసులు కట్టాడు. మొదటి విసురుకే డిస్కు వాటిల్లోంచి దూసుకుపోయి, ఒక గొలుసు మెళ్ళో వేసుకుని మరీ అవతల పడింది. తర్వాత పెడన వెళ్ళి పశువుల్ని కట్టే గొలుసులు తెచ్చాం. అయినా ప్రతి బుట్టకీ ఒక రోల్డ్‌గోల్డు గొలుసు ఉంచాడు బావ. అందానికట.

మినుములు పీకేశాక, మళ్ళీ నారుమళ్ళు పోసేదాకా చెరువు చుట్టూ ఉన్న చేలన్నీ ఖాళీ. సగం మావే, మిగతా సగం వాళ్ళు ఏమీ అనని వాళ్ళు. తొమ్మిది బుట్టలు పాతాం. అడ్డం వచ్చేవి రెండు తాటిచెట్లు, ఒక తుమ్మ. "మరీ ఇంత ఓపెన్‌గా ఉంటే ఆట ఈజీ అయిపోద్దేమో బావా" అని మా బావ దిగులుపడ్డాడు. ఆ దిగులు సాయంత్రం నాలుగు దాకానే. నాలుగింటికి మంగినపూడి వైపు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ గాలికి అడ్డం కూడా ఏమీ లేదన్న సంగతి మాకు అప్పుడు తట్టింది.

మూడో ఆదివారం అనుకుంటాను, గట్టు మీంచి ఈల వినపడింది. పొట్టి మనిషి, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ, భుజాన తువ్వాలు, మెళ్ళో ఈల. ఆ ఈలకి భాష ఉంది. గేదెకైతే పొడుగ్గా, మనిషికైతే పొట్టిగా. మాకు మొదట పొడుగ్గా ఊది, దగ్గరికొచ్చి చూసి, పొట్టిగా సవరించాడు.

"ఏంటండీ అయ్యి?"

"డిస్కులు బాబాయ్. ఇదొక ఆట."

"పళ్ళాలు."

"పళ్ళాలే అనుకో."

"పళ్ళాలు విసురుకునే ఆట మా ఇంట్లోనూ ఉందండి. చెరువు పక్కన దేనికీ?"

బావ ముందుకొచ్చి, చెరువు లేకపోతే ఈ ఆటకి అందం లేదనీ, ఫారిన్‌లో మంచి మంచి చోట్ల నీళ్ళ మీదుగా విసురుతారనీ వివరించాడు.

"ఆళ్ళు ఆ నీళ్ళు తాగుతారా అల్లుడు గారూ?"

బావ ఫోనులో ఆ విషయం ఉన్నట్టు లేదు.

ఆయన వాదన పెంచుకోలేదు. తన అధికారం ఎక్కడిదాకానో ఆయనకి తెలుసు. గట్టు లోపల ఆయనది, గట్టు బయట ప్రెసిడెంటు గారిది. సాయంత్రం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మా పంచాయతీ ప్రెసిడెంటు గారు నలభై అయిదేళ్ళ మనిషి, మాటలు కొలిచి వాడుతుంది. తొమ్మిది బుట్టల చుట్టూ తిరిగి చూసి, ఆరో బుట్ట దగ్గర ఆగింది. ఆరో బుట్ట చెరువుకి అవతలి గట్టు పక్కన ఉంది. విసరాల్సింది ఇవతలి గట్టు మూల నుంచి. మధ్యలో చెరువు మూల ఒకటి నీళ్ళతో నిండుగా ఉంది. బావ కోర్సుకంతా కిరీటం అదే.

"మీ ఆట మీది, మా నీళ్ళు మావి" అంది ఆవిడ. "ఒక్క పళ్ళెం చెరువులో పడిందంటే ఆ రోజుతో ఆట సరి. పడిందా లేదా బాబాయ్ చెప్తాడు. ఆయన మాటే మాట."

కాబట్టి ఆరో బుట్టకి చెరువు మీదుగా విసరడం మానేసి, గట్టు వెంట చుట్టూ తిరిగి మూడు విసుర్లలో వెళ్ళాలని తీర్మానించుకున్నాం. మా ఆట మొత్తం ఆయన ఈలకి కట్టేసి ఉందన్నమాట. ఆయన మాకోసం మూడో రకం ఈల ఒకటి తయారుచేశాడు. పళ్ళెం గాల్లో ఉండగానే, చెరువు వైపు మళ్ళేట్టుంటే, గుక్క తిప్పుకోకుండా ఊదేవాడు. పళ్ళెం ఆగేది కాదు గానీ మా గుండె ఆగేది.

ఒకసారి నేను విసిరింది గట్టు కింద ఆయన కాళ్ళ దగ్గర పడింది. "ఇదిగోండి మాస్టారూ" అని తీసి ఇలా వదిలాడు. ఊరికే, మంచం మీంచి చెంబు అందించినట్టు. అది నా దగ్గరికి వచ్చి, ఛాతీ ఎత్తున ఒక క్షణం ఆగి, నా చేతిలో దిగింది. నేను అడుగు కదపలేదు. రెండు నెలలుగా ఫోనులో మెళకువలు చూస్తున్న మా బావ తన చేతిలోని డిస్కు వంక, ఆయన చేతి వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత సంచిలోంచి నారింజ రంగు డిస్కు ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

కావలి ఉద్యోగానికి ముందు ఆయన నలభై ఏళ్ళ పాటు నాట్లప్పుడు నారు కట్టలు విసిరిన మనిషి. ఆ పని చూడనివాళ్ళకి అదొక పనని కూడా తెలియదు. ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతూ వెనక్కి నడుస్తుంటారు. చేతిలో కట్ట అయిపోయేలోపు రెండో కట్ట ఆవిడ చెయ్యి చాపితే అందేచోట పడి ఉండాలి. నాటిన చోట పడకూడదు. వేళ్ళు కిందికే ఉండాలి. బురద చిందకూడదు. యంత్రాలు, వెదజల్లే సాగు వచ్చాక కట్టలతో పని తగ్గింది. పంచాయతీ ఈల ఇచ్చింది.

అందుకే ఆయన ఆటంతా ఒక్క మాటలో ఉండేది. "విసరకండి మాస్టారూ, అందించండి. బుట్ట కాడ ఒకావిడ వంగి ఉందనుకోండి. మొహం మీద బురద కొడితే ఊరుకోద్దా?"

ఈ సిద్ధాంతానికి ఒక అభ్యంతరం ఆయన ఇంట్లోంచే వచ్చింది. ఒక ఆదివారం ఆయన భార్య మజ్జిగ తెచ్చి, మా బావకి ఆయన చెప్తున్న పాఠం సగం విని, చెంబు కింద పెట్టింది.

"అందించాడంట! నేను ఈయన కట్టలేసే చేలో మొట్టమొదట నాటెయ్యడానికొచ్చిన రోజు, మూడు కట్టలు ఎదురుగా పడి మొహం నిండా బురద కొట్టినియ్యండి. ఇదేంటయ్యా, కళ్ళు కనపడవా అనడిగాను. తలెత్తుతావని కొట్టానన్నాడు."

ఆయన చెరువులో గేదె ఏదో దిగినట్టు అటు చూశాడు. గేదె లేదు.

ఆయన ఆడే తీరు చూడాలి. మే నెల ఎండలో, నెర్రెలిచ్చిన నేల మీద కూడా చెప్పులు విడిచి గానీ విసిరేవాడు కాదు. పళ్ళాన్ని తువ్వాలుతో రెండు వైపులా తుడిచేవాడు. విసిరాక పళ్ళెం వంక చూడడు. బుట్ట వంకే చూస్తాడు. ఎందుకని అడిగితే, "దారెంట చూస్తా ఉంటే దానికి సిగ్గండీ" అన్నాడు. ఎప్పుడూ దూరం వెయ్యడు. డెబ్భై అడుగులు, ఎనభై అడుగులు, వేసింది వేసినట్టు ముందుకే. మా బావ వేస్తే పొలం పొలం దాటిపోయేది, ఏ పొలం అన్నదే ప్రశ్న. బావది బలం, నాది సిద్ధాంతం, ఆయనది ఆట. తొమ్మిది బుట్టలు అయ్యేసరికి ఆయన మాకంటే ఐదారు విసుర్లు తక్కువలో ఉండేవాడు. ఆ లెక్క పెట్టుకునేది మేమే. ఆయన లెక్క అడిగేవాడు కాదు. ఎవరి పళ్ళెమైనా గొలుసు చప్పుడు చేస్తూ పడితే "అందింది" అని మాత్రం అనేవాడు.

ఆట మధ్యలో ఎక్కడో గేదె కనిపిస్తే "ఒక్క నిమిషం" అని వెళ్ళిపోయేవాడు. ఇరవై నిమిషాలకి తిరిగొచ్చి, వదిలివెళ్ళిన చోటే, అదే అడుగులో నిలబడేవాడు. ఎన్నిసార్లు చెప్పాం, ఆదివారం రెండు గంటలు చెరువు ఎక్కడికీ పోదని. "చెరువు పోదండీ, నేనే పోతాను" అనేవాడు. పని వదిలేసి అని ఆయన ఉద్దేశం.

ఆ మనిషికి ఒక్క బలహీనత. ఆరో బుట్ట.

అందరితో పాటు గట్టు వెంటే చుట్టి వెళ్ళేవాడు గానీ, వెళ్ళేముందు ఆ మూల నిలబడి నీళ్ళ మీదుగా ఒకసారి చూసేవాడు. దారికి సిగ్గు అన్న మనిషి దారి వంకే చూసేవాడు. ఒక రోజు నన్నడిగాడు.

"మాస్టారూ, ఈ మూల్నించి ఆ బుట్టకి ఎంతుంటదండీ?"

అడుగులు వేసి గట్టు పొడవు కొలిచి, మిగతాది లెక్క కట్టి, నూటయాభై అడుగులు పైమాట అన్నాను.

"నారు కట్టయితే అంత దూరం ఎవడూ ఎయ్యడండి. పళ్ళెం ఎల్తదా?"

ఇరవై రెండేళ్ళుగా పాఠం చెప్తున్నాను. కళ్ళార్పకుండా విన్న విద్యార్థి ఆయనొక్కడే. అందుకని కొంచెం రెచ్చిపోయాను. గాలి పళ్ళాన్ని కింద నుంచి ఎలా ఎత్తుతుందో, విమానం రెక్కకీ దీనికీ చుట్టరికం ఏమిటో గట్టు మీద పుల్లతో బొమ్మ వేసి చెప్పాను. సాయంత్రపు ఎదురుగాలి చూసి భయపడతారు గానీ, నిజానికి ఎదురుగాలిలో పళ్ళెం ఇంకా బాగా తేలుతుందని చెప్పాను.

"ఎదురుగాలిలోనా?"

"ఎదురుగాలిలోనే."

ఆ పాఠానికి రెండో సగం ఒకటుంది. ఎదురుగాలి ఎక్కువైతే పళ్ళెం తేలుతూనే ఒక పక్కకి ఒరిగి, తిరగబడి, మునుగుతుంది. అది చెప్పబోతుండగా బావ తుమ్మలో ఇరుక్కున్న తన డిస్కు తియ్యడానికి నన్ను పిలిచాడు. వెళ్ళాను. తర్వాత మర్చిపోయాను. కాలేజీలో కూడా ఇలా జరుగుతుంటుంది. అక్కడ ఎవరూ సగం పాఠాన్ని నమ్మి ఏ పనీ చెయ్యరు కాబట్టి ప్రమాదం లేదు.

తర్వాతి ఆదివారం మేం వెళ్ళేసరికి ఆయన గట్టు దిగి, దారిలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో పళ్ళెం లేదు.

"పడిందండి" అన్నాడు.

"ఏం పడింది?"

"పళ్ళెం. చెరువులో."

"ఎవరిది?" అన్నాడు బావ, కొంచెం తొందరగా.

"నాదేనండి. నిన్న నాలుగింటికి, గాలి తిరిగినాక. బాగానే ఎల్లిందండి. సగం దాటింది. ఇంక దాటేసిందనే అనుకున్నాను. పక్కకి ఒరిగిపోయింది."

నాకు నా రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది.

బావ చుట్టూ చూశాడు. శనివారం సాయంత్రం ఆ వైపు పిట్ట కూడా రాదు. "ఎవరైనా చూశారా బాబాయ్?"

"చూశారండి."

"ఎవరు?"

"నేను."

"నువ్వు కాదయ్యా. వేరే ఎవరైనా."

"వేరే ఆళ్ళెవరు చూస్తారు అల్లుడు గారూ? చూడ్డానికేగా నన్ను పెట్టింది."

ప్రెసిడెంటు గారికి నిన్ననే చెప్పేసేవాణ్ణనీ, కానీ ఆగిపోయేది మా ఆట కాబట్టి మాకు ముందు చెప్పకుండా వెళ్ళడం పద్ధతి కాదని ఆగాననీ అన్నాడు. మేం వద్దన్నా ఆగే నడక కాదది. వెనకాలే వెళ్ళాం.

ప్రెసిడెంటు గారు వసారాలో చేటతో మినుములు చెరుగుతోంది. ఆయన మెళ్ళోంచి ఈల తీసి అరుగు మీద పెట్టాడు.

"అమ్మా, చెరువులో పళ్ళెం పడిందండి."

"ఎవరేశారు?"

"నేనేనండి."

ఆవిడ చేట ఆగింది. "పొరపాటున జారిందా?"

తప్పించుకోవడానికి ఆవిడ తలుపు తీసి పట్టుకుంది. మా బావ అయితే ఈపాటికి అందులోంచి వెళ్ళి వీధి చివర ఉండేవాడు.

"కాదండి. దాటిద్దామనే ఏశాను."

ఆవిడ చేటని పక్కన పెట్టింది. అప్పుడు మా బావ గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు నాకాయన. ఆ రోజు ఆయన అన్న మాట ఆయన నోట్లోంచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"అక్కయ్య గారూ, అందులో నావి రెండున్నాయండి."

చెరువు బాబాయ్ తిరిగి చూశాడు.

ఇంక నేను ఆగితే బాగుండదు. "నాదొకటి ఉంది" అన్నాను. నిజానికి నేను చెరువు వైపు విసరలేదు. చెరువుకి ఎదురు దిక్కుకి విసిరాను. కానీ ఆ వివరం నా పరువుకి ఏమీ కలపదని ఊరుకున్నాను.

"ఎప్పుడండీ?" అన్నాడు ఆయన.

"ఉగాది తర్వాత ఒకటి" అన్నాడు బావ. "మొన్న ఒకటి."

"నేనెక్కడున్నాను?"

"అటు గేదెల్ని తోలడానికి వెళ్ళావు బాబాయ్."

"రెండుసార్లూనా?"

"నాదప్పుడు కూడా" అన్నాను నేను.

ఆయన అరుగు మెట్టు మీద కూర్చుండిపోయాడు. తన పళ్ళెం పడినప్పుడు లేని బాధ మొహంలోకి వచ్చింది. తప్పు చెయ్యడం ఆయనకి అర్థమయ్యే విషయమే. తన కాపలాలో మూడు పడి, మూడూ తనకి తెలియకపోవడం అర్థం కాలేదు. "మూడు, నాకు కనపడకుండా" అని రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు.

ప్రెసిడెంటు గారు మమ్మల్ని ఇద్దర్నీ ఒకసారి చూసింది. ఆ చూపు గురించి రాయను.

"నాలుగూ బయటికి వచ్చేదాకా ఆట లేదు" అంది. "వాటికోసం చెరువులో ఎవరూ కాలు పెట్టడానికి వీల్లేదు."

"దిగకుండా ఎట్టా వస్తాయి అక్కయ్య గారూ?"

"పూడిక తీసేటప్పుడు వస్తాయి."

"ఎప్పుడు తీస్తారు?"

"వచ్చే ఎండాకాలం."

బావ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. చెరువు బాబాయ్ లేచి వెళ్ళబోతుంటే ఆవిడ అరుగు మీది ఈల చూపించింది.

"అది మెళ్ళో వేసుకో బాబాయ్."

"తప్పు చేసినోడు కావలేం కాస్తాడమ్మా?"

"చేసి చెప్పినవాడు కాస్తాడు. చేసి చెప్పనివాళ్ళు ఇద్దరున్నారు ఇక్కడ, పోనీ వాళ్ళకివ్వమంటావా?"

ఆయన మా వంక చూసి, వెంటనే ఈల తీసుకున్నాడు.

ఆ తర్వాత ఏడాది పాటు ఆట లేదు. బావ అలిగి బందరులో తన మేడ మీద ఒక బుట్ట పెట్టించుకున్నాడు. రెండో విసురుకి పక్కింటి వాటర్ ట్యాంకు మూత లేచిపోయిందని తెలిసింది. నేను మాత్రం ఆదివారాలు వస్తూనే ఉన్నాను. గట్టు మీద ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన ఎప్పుడైనా ఒక రాయి తీసి దూరంగా ఉన్న చితుకు మీదికి వేసేవాడు. అది చితుకు పక్కన కూర్చునేది. ఒక రోజు ధైర్యం చేసి, పాఠంలో నేను మింగేసిన రెండో సగం చెప్పాను. పక్కకి ఒరగడం, తిరగబడటం, అంతా. అంతా విన్నాడు.

"అయితే నాకు సగమే తెలుసన్నమాట ఆ రోజు."

"సగమే."

"సగం పాఠానికి ముప్పాతిక దూరం ఎల్లింది మాస్టారూ" అన్నాడు. "మంచి పాఠమే."

గుడివాడలో ఏ ప్రిన్సిపాలూ నాకు ఆ సర్టిఫికెట్టు ఇవ్వలేదు.

మరుసటి వేసవి చివర, కాలవలు వదలడానికి ముందు చెరువు అడుగంటించి పూడిక తీశారు. ఆ వారం రోజులూ ఊరికి ట్యాంకర్లలో నీళ్ళు వచ్చాయి. ప్రొక్లెయిన్ దిగేముందే పళ్ళాలు తియ్యాలని ఆయన పట్టుబట్టాడు. ఇనప పంజా కింద పడితే ముక్కలైపోయి, ఆ ముక్కలు మట్టిలో కలిసిపోతాయని ఆయన భయం. ఆదివారం పొద్దున్న లుంగీ బిగించి తనొక్కడే బురదలోకి దిగాడు. నాట్లు వేసే మనిషి నడకే, పాదంతో తడుముకుంటూ. గట్టు మీద నేను, బావ, ప్రెసిడెంటు గారు, ఆయన భార్య.

బావ ఎర్రది ముందు దొరికింది. తర్వాత పసుప్పచ్చది. నాది, చెప్పానుగా, ఎవరూ వెతకని మూలలో దొరికింది. ఆయన నారింజది చివర దొరికింది, అవతలి గట్టుకి బారెడు దూరంలో. ఆయన దాన్ని వెంటనే తియ్యలేదు. గట్టు వంక, దాని వంక చూసి, రెండు చేతులూ చాపి కొలిచాడు.

"బారెడేనండీ!" అని అక్కణ్ణించి అరిచాడు.

నేను చెప్పకుండా మిగిల్చిన పాఠం సరిగ్గా బారెడు.

నాలుగు పళ్ళాలతో తిరిగి వస్తూ, గట్టుకి దగ్గరగా వచ్చాక ఆయన పాదం మళ్ళీ ఆగింది. వంగి, బురదలోంచి ఇంకొకటి తీశాడు. నీలంది. అయిదింటినీ కడిగి గట్టు మీద వరసగా పెట్టాడు.

"నాలుగే కదండీ మనయ్యి?"

బావ ఒట్టు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఒకసారి అబద్ధమాడినవాళ్ళ ఒట్టుకి ఉండే విలువ మాకు అప్పుడు తెలిసింది, ఎందుకంటే ఆయన భార్య మా మొహాల మీదే నవ్వేసింది.

"నాది" అంది ప్రెసిడెంటు గారు.

ఎండకి తల మీద కప్పుకున్న కొంగు ఇంకొంచెం ముందుకి లాక్కుంది.

"ఆట ఆపిన నెలకి, ఇటు నీళ్ళు చూద్దామని వచ్చాను. గడ్డిలో ఇది కనపడింది. అసలు ఏముందిరా ఇందులో అని వేసి చూశాను." నీలం పళ్ళెం వంక చూసింది. "చెప్పాల్సింది. ఎవరికి చెప్పాలో తోచలేదు. ప్రెసిడెంటుని నేనేనాయె."

మా బావ నవ్వు ఆపుకోవడానికి తాటిచెట్టు వైపు తిరిగాడు. నేను చెరువు బాబాయ్ వంక చూశాను. ఆయన నవ్వలేదు. కోప్పడలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నాడు.

"ఏ పొద్దప్పుడండీ అమ్మా?"

"మధ్యాహ్నం. నువ్వు అన్నానికి ఇంటికెళ్ళావు."

"అన్నానికి" అన్నాడు ఆయన మెల్లిగా. గేదెలంటే సరే, అది పనే. అన్నానికి వెళ్ళడం ఆయనకి సమర్థించుకోవడానికి కుదిరినట్టు లేదు. "ఎల్లకుండా ఉండాల్సిందండీ."

"అయ్యిందేదో అయ్యింది. అయిదూ వచ్చాయిగా. ఆడుకోండి" అంది ఆవిడ.

కాలవలు వదిలారు, చెరువు నిండింది, మళ్ళీ మినుములు పీకేశాక ఆట మొదలైంది. ఆ తర్వాత రెండు వేసవులు ఆడాం. ఆరో బుట్టకి ఆయన గట్టు వెంటే వెళ్ళేవాడు. మూల దగ్గర నిలబడి చూడటం కూడా మానేశాడు. అంత దూరం తన చెయ్యి వెళ్తుందని తెలిసిపోయింది, ఆ తృప్తి చాలనుకుంటాను.

మారింది ఒక్కటే. పూడిక తీసిన మర్నాటి నుంచి ఆయన మధ్యాహ్నం ఇంటికి వెళ్ళలేదు. భార్య తిట్టుకుంటూ క్యారియరు తెచ్చి గట్టు మీద పెట్టేది. తాటాకు నీడలో, చెరువు వైపు మొహం పెట్టి కూర్చుని, కలిపిన ముద్ద చేతిలో ఉండగానే నీళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసి తినేవాడు. కంది పచ్చడి, పులుసు, మజ్జిగ, అంతా అలాగే. ఎడం చేతిలో ఈల ఉండేది.

పోయేదాకా అంతే. ఆ పావుగంట మేం ఎవరి బుట్ట దగ్గర వాళ్ళం కింద కూర్చునేవాళ్ళం. బావ కూడా. చెరువు వైపు ఒక్క పళ్ళెం కూడా లేచేది కాదు. తినే మనిషిని మధ్యలో లేపడం బాగుండదు కదా.